కూరగాయల న్యోకీతో రొయ్యలా, ఆల్చిప్పలా, చేపా? ముందు నీళ్ల సంగతి తేల్చుకోండి

నేను మొదటిసారి న్యోకీ చేసింది గుమ్మడికాయతో, అదీ నలుగురు భోజనానికి వస్తున్న రోజున. ముక్కలు ఉడకబెట్టి, మెత్తగా మెదిపి, మైదా కలపడం మొదలుపెట్టాను. ముద్ద చేతికి అంటుకుంటోంది, ఇంకో గుప్పెడు వేశాను. ఇంకా అంటుకుంటోంది, ఇంకో గుప్పెడు. అలా గుప్పెడు గుప్పెడు వేసుకుంటూ పోతే చివరికి ముద్ద చేతికి అంటుకోవడం మానేసింది గానీ, ఉడికాక నోట్లో పెట్టుకుంటే రబ్బరు నమిలినట్టుంది. గుమ్మడి రుచి ఎటు పోయిందో తెలియదు. ఆ రాత్రి అందరి ప్లేట్లలో రొయ్యలు ఖాళీ అయ్యాయి, న్యోకీ మాత్రం అంచుకి నెట్టేసి ఉంది. ఎవరూ ఏమీ అనలేదు, అదే ఇంకా బాధ.

తర్వాత చాలాసార్లు చేశాను, చాలా కూరగాయలతో చేశాను, వాటికి చాలా రకాల సముద్రపు సరుకు జత చేశాను. నాకు అర్థమైంది ఏంటంటే, ఏ కూరగాయ రుచి బాగుంటుంది అని మొదలుపెడితే దెబ్బతింటాం. కూరగాయ సంగతి అందులో ఎన్ని నీళ్లున్నాయన్న దాన్నిబట్టి, సీఫుడ్ సంగతి అది గిన్నెలోకి ఏం వదులుతుందన్న దాన్నిబట్టి తేల్చుకోవాలి. ఈ రెండూ తేలాక సాస్ గురించి పెద్దగా ఆలోచించాల్సిన పని ఉండదు.

న్యోకీ తెలియని వాళ్లకు రెండు ముక్కలు. ఇది ఇటలీ వంట. దుంపని ఉడికించి, మెదిపి, కాస్త పిండి కలిపి, బొటనవేలి కొసంత ముక్కలుగా కోసి మరిగే నీళ్లలో వేస్తారు. స్పెల్లింగ్ చూసి గ్నోచీ అనేవాళ్లు చాలామంది ఉన్నారు, న్యోకీ అంటే సరిపోతుంది. బంగాళదుంప అమెరికా ఖండం నుంచి యూరప్‌కి రాకముందు కూడా న్యోకీ ఉంది, అప్పుడు ఉత్త పిండితోనో రొట్టె పొడితోనో చేసేవాళ్లు. రోమ్ పద్ధతిలో ఇప్పటికీ రవ్వని పాలలో ఉడికించి, బిళ్లలుగా కోసి ఓవెన్‌లో పెడతారు. టస్కనీలో పాలకూర, రికోటా అనే మెత్తటి తెల్ల చీజ్ కలిపి న్యూడీ అని చేస్తారు. ఉత్తర ఇటలీలో గుమ్మడికాయతో చేస్తారు. కాబట్టి కూరగాయల న్యోకీ అనేది నిన్న మొన్న ఎవరో ఆరోగ్యం పేరు చెప్పి కనిపెట్టింది కాదు.

కూరగాయ: నీళ్లెన్ని, పిండెంత

పచ్చి బంగాళదుంపలో సుమారు 79 శాతం నీళ్లే. చిలగడదుంపలో 77. బీట్‌రూట్, క్యారెట్ 88 దగ్గర, పాలకూర 91, గుమ్మడి, కాలీఫ్లవర్ 92 దాకా. 79కీ 92కీ తేడా పదమూడే కదా అనిపిస్తుంది. అటు తిప్పి చూడండి: బంగాళదుంపలో వందకి 21 పాళ్లు గట్టి పదార్థం, అందులో ఎక్కువ భాగం స్టార్చ్, అంటే ముద్దని పట్టి ఉంచేది. గుమ్మడిలో మొత్తం కలిపి 8 పాళ్లే. మిగతా పని మైదా చెయ్యాలి. మైదా పెరిగేకొద్దీ, పిసికేకొద్దీ గ్లూటెన్, అంటే గోధుమపిండిలో ఉండే సాగే జిగురు, సాగుతుంది, న్యోకీ గట్టిపడుతుంది. నా గుమ్మడి ముద్దకి పట్టిన గతి ఇదే.

అందుకే మొదటిసారి చేసేవాళ్లకి నా సలహా ఒకటే, బంగాళదుంపతో మొదలుపెట్టండి. అదీ ఏది పడితే అది కాదు, ఉడికాక పొడిపొడిగా విచ్చుకునే పాత దుంప కావాలి. పల్చటి తొక్కతో నిగనిగలాడే కొత్త దుంపలో నీళ్లెక్కువ, మెదిపితే జిగటగా అవుతుంది. తొక్కతోనే ఉడికించండి, ముక్కలు కోసి ఉడికిస్తే నీళ్లు పీల్చుకుంటుంది. ఓవెన్ ఉంటే ఇంకా మంచిది, 200 డిగ్రీల దగ్గర గంటసేపు కాలిస్తే ఉన్న నీళ్లలో కూడా కొన్ని పోతాయి. వేడి వేడిగా ఉండగానే తొక్క తీసి మెదపాలి, ఎందుకంటే ఆవిరి బయటికి పోయేది అప్పుడే. చేతులు కాలుతాయి, నిజమే, ఒక గుడ్డ పట్టుకోండి. రైసర్ అనే చేతి యంత్రం ఉంటే సరే, లేకపోతే జల్లెడ మీద గరిటతో రుద్దినా అవుతుంది. మిక్సీలో మాత్రం వెయ్యొద్దు, దుంపలోని స్టార్చ్ అంతా బయటికొచ్చి బంకలా తయారవుతుంది, ఇక దాన్ని బాగుచేసే దారి లేదు. మెదిపిన దుంప అరకిలోకి 125 నుంచి 150 గ్రాముల మైదా, ఒక గుడ్డు పచ్చసొన, అర చెంచా ఉప్పు. గోరువెచ్చగా అయ్యాక సొన కలపండి, మరీ వేడిమీద వేస్తే గుడ్డు ఉడికిపోతుంది.

చిలగడదుంప రెండో మెట్టు. నీళ్లు తక్కువే, కానీ తీపి ఎక్కువ, దాంతో స్టార్చ్ పట్టు తగ్గుతుంది. ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది. చిలగడదుంప నిదానంగా వేడెక్కుతున్నప్పుడు అందులోని ఎంజైమ్ స్టార్చ్‌ని మాల్టోస్ అనే చక్కెరగా మారుస్తుంది, అందుకే గంటసేపు ఓవెన్‌లో కాల్చినది తేనెలా ఉంటుంది. ఊరికే తినడానికి అది వరం, రొయ్యల పక్కన పెట్టడానికి శాపం. సీఫుడ్‌తో చేసేటప్పుడు మాత్రం దాన్ని మైక్రోవేవ్‌లో గబగబా ఉడికించేయండి, ఎంజైమ్‌కి అంత టైమ్ దొరకదు, తీపి తగ్గుతుంది. పిండి అరకిలోకి 150 నుంచి 180 గ్రాములు పడుతుంది.

గుమ్మడికాయ అంటే నాకు ఇంకా కక్ష ఉంది, కానీ రుచి విషయంలో దానికి దణ్ణం పెట్టాల్సిందే. ఉడకబెట్టకండి, అది మొదటి తప్పు. ముక్కలు కోసి ఓవెన్‌లో అంచులు నల్లబడేదాకా కాల్చండి. మెదిపి, పల్చటి గుడ్డలో కట్టి జల్లెడలో రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి, పొద్దున కింద గిన్నెలో చేరిన పసుపు నీళ్లు చూస్తే మీకే భయమేస్తుంది. తర్వాత ఆ గుజ్జుని వెడల్పాటి మూకుట్లో సన్న సెగ మీద కలుపుతూ ఆరబెట్టండి. గరిటతో గీత గీస్తే ఆ గీత పూడుకుపోకుండా అలాగే నిలవాలి. ఈ లెక్కన మొదట తీసుకున్న ముక్కల బరువులో సగం కూడా మిగలదు, ముందే ఎక్కువ తీసుకోండి. ఇంత చేశాక కూడా నేను ఒంటి గుమ్మడితో చెయ్యను, సగం బంగాళదుంప కలుపుతాను. శుద్ధ గుమ్మడి కాదు కదా అని ఎవరైనా మూతి విరిస్తే వాళ్లనే చెయ్యమనండి.

క్యారెట్ కథ కూడా ఇంచుమించు ఇదే, కాకపోతే పీచు ఎక్కువ, జల్లెడ పట్టాలి. కాలీఫ్లవర్ వద్దు. చేశాను, చప్పగా ఉంది, పైగా ఉడికేటప్పుడు ఆ వాసన చేప వాసనతో కలిసి ఇల్లంతా పట్టుకుంది.

పచ్చి బఠాణీని చాలామంది పట్టించుకోరు గానీ నాకు బాగా నచ్చినది అదే. ఉడికించి, జల్లెడ మీద రుద్ది పొట్టు వదిలించి, ఆ గుజ్జుని బంగాళదుంపలో మూడో వంతు కలపండి. లేత ఆకుపచ్చ రంగు వస్తుంది, తీపి ఉంటుంది కానీ మితిమీరదు, సముద్రపు రుచుల పక్కన అణిగిమణిగి ఉంటుంది.

పాలకూర దారి వేరు. అది ముద్దకి ఒళ్లు ఇవ్వదు, రంగూ రుచీ ఇస్తుంది, ఒళ్లు రికోటా ఇవ్వాలి. అరకిలో పాలకూర వేడినీళ్లలో వాడ్చి పిండితే గుప్పెడంత అవుతుంది. పిండడం అంటే ఏదో వేళ్లతో నొక్కడం కాదు, గుడ్డలో వేసి మెలితిప్పి, చెయ్యి నొప్పి పుట్టేదాకా పిండాలి. వడకట్టిన రికోటా 250 గ్రాములు, ఒక గుడ్డు, 50 గ్రాముల పార్మెజాన్ చీజ్, 60 నుంచి 80 గ్రాముల మైదా. దుంప ఉడికించే పని లేదు కాబట్టి త్వరగా అయిపోతుంది. అన్నిటికంటే మెత్తగా వచ్చేది ఇదే, అన్నిటికంటే సులువుగా చిట్లిపోయేదీ ఇదే.

బీట్‌రూట్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఫోటోలు చూసి మోసపోయేది దీని దగ్గరే. గులాబీ రంగు న్యోకీ, పైన తెల్ల చేప, చూడ్డానికి పెళ్లి ఫోటోలా ఉంటుంది. మొదటి సమస్య, ఆ రంగు ఊరుకోదు. ఉడికించే నీళ్లలోకి దిగుతుంది, సాస్‌లోకి దిగుతుంది, పక్కనున్న చేపకి అంటుతుంది, పది నిమిషాలకి ప్లేటంతా ఒకే రంగు. రెండోది ఇంకా పెద్దది. బీట్‌రూట్‌కి ఉండే ఆ మట్టి వాసనకి కారణం జియోస్మిన్ అనే పదార్థం. చెరువు చేపల్లో, మంచినీటి చేపల్లో అప్పుడప్పుడు వచ్చే బురద వాసనకీ కారణం అదే. అంటే మంచినీటి చేపని బీట్‌రూట్ న్యోకీ మీద పెడితే, ఎంతో జాగ్రత్తగా కడిగి వదిలించుకున్న వాసనని మళ్లీ చేత్తో పిలిచి కూర్చోబెట్టినట్టే. పులుపు తగిలితే జియోస్మిన్ విరిగిపోతుంది, అందుకే నిమ్మరసమో వెనిగరో లేకుండా బీట్‌రూట్ జోలికి పోవద్దు. జత చెయ్యాలంటే పొగబెట్టిన సాల్మన్ లాంటి గట్టి రుచి ఉన్న చేప, పక్కన పుల్లటి క్రీమ్, సోయాకు (డిల్). అరకిలో బంగాళదుంపకి 100 గ్రాముల బీట్‌రూట్ గుజ్జు చాలు, రంగు బ్రహ్మాండంగా వస్తుంది.

ఏ కూరగాయ అయినా, మొత్తం ముద్దని ముక్కలు కొయ్యకముందు ఒక్కటి మాత్రం చేసి మరిగే నీళ్లలో వేసి చూడండి. విచ్చిపోతే చెంచాడు పిండి కలపండి. నిలబడితే, ముద్ద ఇంకా కాస్త చేతికి అంటుతున్నా సరే, అక్కడితో ఆపేయండి. చేతికి అంటకుండా ఉండాలనే ఆరాటమే న్యోకీని చంపేస్తుంది. అంటుకుంటే బల్ల మీద పిండి చల్లుకోండి, ముద్దలో కలపకండి.

ఉడికించి వదిలేయాలా, పెనం మీద వేయించాలా

దీని మీద జనం కొట్టుకుంటారు. నా లెక్క ఇది: సాస్ పల్చగా, రసంలా ఉంటే ఉడికించిన న్యోకీ, అది రసాన్ని పీల్చుకుంటుంది. సాస్ అంటూ పెద్దగా లేకుండా వెన్న, వెల్లుల్లితో సరిపెడుతుంటే ఉడికాక పెనం మీద ఒకవైపు ఎర్రగా కాల్చండి. గుమ్మడి, చిలగడదుంపలకి వేయించడమే మేలు, వాటి తీపికి ఆ కాలిన అంచు చేదు కాస్త కళ్లెం వేస్తుంది. పాలకూర రికోటాని వేయించబోతే పెనానికి అతుక్కుని పీలికలవుతుంది, దాని జోలికి పోకండి.

ఉడికించేటప్పుడు పైకి తేలాక ఇంకో అర నిమిషం ఉంచి చిల్లుల గరిటతో తీయండి. అన్నీ కలిపి జల్లెడలోకి ఒంపేస్తే బరువుకి కింద ఉన్నవి చితికిపోతాయి.

సీఫుడ్: ఏది ఇస్తుంది, ఏది అడుగుతుంది

సముద్రపు సరుకుని నేను రెండు జట్లుగా చూస్తాను. కొన్ని సాస్‌ని తామే తెచ్చుకుంటాయి, పొట్టుతో ఉన్న రొయ్యలు, ఆల్చిప్పలు ఈ జట్టు. కొన్ని రుచిగానే ఉంటాయి కానీ గిన్నెకి ఏమీ ఇవ్వవు, స్కాలప్స్ (ఒక రకం గుల్లలోని గుండ్రటి తెల్ల కండ), పీత కండ, చేప ముక్కలు ఆ జట్టు. న్యోకీ అనేది ఎంత బాగా చేసినా చప్పటి మెత్తటి వస్తువు, దానికి రసం కావాలి. కాబట్టి మొదటి జట్టుతో పని సులువు, రెండో జట్టుకి సాస్ విడిగా కష్టపడి చెయ్యాలి.

ఒక్కటే ఎంచుకోమంటే రొయ్యలు. తల, పొట్టు ఉన్నవే తెచ్చుకోండి, ఒలిచినవి తెస్తే సగం రుచి అక్కడే వదిలేసి వచ్చినట్టు. పొట్టు, తలలు వెన్నలో వేయించండి, గరిటతో తలల్ని నొక్కుతూ. రెండు మూడు నిమిషాల్లో వెన్న నారింజ రంగుకి తిరుగుతుంది, ఆ రంగు వెన్నలో కరిగేదే, నీళ్లలో కరిగేది కాదు, అందుకే ముందు వెన్నలో వేయించాలి. తర్వాత మునిగేదాకా నీళ్లు పోసి ఇరవై నిమిషాలు మరిగించి, వడకట్టి, సగానికి ఇగరబెట్టండి. అందులో ఉడికిన న్యోకీ వేసి రెండు తిప్పులు తిప్పితే చాలు, క్రీమూ అక్కర్లేదు, ఇంకోటీ అక్కర్లేదు. రొయ్యలు మాత్రం విడిగా, వేడి పెనం మీద వైపుకి నిమిషం, నిమిషంన్నర. వంపు తిరిగి గులాబీ రంగు వచ్చిందా, తీసేయండి. సున్నాలా ముడుచుకుపోయాయంటే ఆలస్యమైపోయినట్టే.

మస్సెల్స్, క్లామ్స్ లాంటి ఆల్చిప్పలు ఇంకా తక్కువ పనితో ఇంకా ఎక్కువ రసం ఇస్తాయి, కాకపోతే నమ్మకమైన చోట తాజాగా దొరకాలి. క్లామ్స్‌లో ఇసుక ఉంటుంది, లీటరు నీళ్లకి 35 గ్రాముల ఉప్పు కలిపి, అంటే సముద్రపు నీళ్లంత ఉప్పగా చేసి, అందులో ఒక గంట ఉంచితే ఇసుక కక్కేస్తాయి. ఉప్పులేని నీళ్లలో పెడితే చచ్చిపోతాయి. వండేముందు నోరు తెరుచుకుని ఉన్నవాటిని తట్టి చూడండి, మూసుకోకపోతే పారేయండి. వెల్లుల్లి, ఆలివ్ నూనె, కాసిన్ని వైట్ వైన్, వైన్ వద్దంటే నీళ్లు, మూతపెట్టి పెద్ద మంట మీద నాలుగైదు నిమిషాలు. ఆ రసాన్ని గుడ్డలో వడకట్టి రుచి చూశాక గానీ ఉప్పు ముట్టుకోవద్దు. నేనొకసారి రుచి చూడకుండా అలవాటు కొద్దీ వేసేసి, ఆ తర్వాత ఎన్ని నిమ్మకాయలు పిండినా లాభం లేకపోయింది. వీటికి బంగాళదుంప న్యోకీ సరిజోడు. పాలకూరది వేస్తే ఆ రసంలో కరిగిపోతుంది.

స్కాలప్స్ ఖరీదైన సరదా. వైపుకి నిమిషంన్నర, రెండు నిమిషాలు, పెనం పొగలు కక్కేంత వేడిగా ఉండాలి, స్కాలప్స్ పొడిగా తుడిచి ఉండాలి. కొన్నిటిని ఫాస్ఫేట్ కలిపిన నీళ్లలో నానబెట్టి అమ్ముతారు, అవి పెనం మీద తెల్లటి నీళ్లు వదులుతూ ఉడుకుతాయే తప్ప ఎర్రబడవు. కొనేముందే అడగండి. బఠాణీ న్యోకీ, కాస్త మాడనిచ్చి గోధుమ రంగు తెచ్చిన వెన్న, నిమ్మ తొక్క తురుము, వీటితో స్కాలప్స్ వేస్తే ఇంకేం అక్కర్లేదు. గుమ్మడితో కూడా చాలామంది వేస్తారు, తీపి మీద తీపి, నాకు రెండు ముద్దలు బాగుంటుంది, మూడోదానికి మొహం మొత్తుతుంది.

స్క్విడ్ విషయంలో మధ్యే మార్గం లేదు. రెండు నిమిషాల్లోపు దించేయాలి, లేదా టమాటాలో నలభై నిమిషాలకి పైగా సన్న సెగ మీద మగ్గనివ్వాలి. పది నిమిషాలు వండారంటే చెప్పుల తోలే. న్యోకీతో అయితే నేను రెండోదానికే ఓటేస్తాను, మెత్తటి దుంపకి మెత్తగా మగ్గిన స్క్విడ్, పుల్లటి టమాటా. పైగా సాస్ ముందురోజే చేసి పెట్టుకోవచ్చు, బంధువులొచ్చే రోజున టెన్షన్ సగం తగ్గుతుంది.

పీత కండ ఎలాగూ ఉడికినదే కాబట్టి దింపేముందు కలిపితే చాలు, మళ్లీ వండితే పీచుపీచు అవుతుంది. తియ్యగా ఉంటుంది, చిలగడదుంపతో కలపకండి. బంగాళదుంప, వెన్న, ఎండుమిరప తునకలు, నిమ్మరసం.

చేప అయితే ముళ్లు లేని గట్టి ముక్కలు తీసుకుని విడిగా కాల్చి పైన పెట్టండి. సాస్‌లో వేసి కలిపితే పొడిపొడి అయిపోయి, ఏది న్యోకీనో ఏది చేపో తెలియని ముద్ద తయారవుతుంది. లోపల 63 డిగ్రీలు చేరాలని అమెరికా ఆహార భద్రతా సూచనలు చెబుతాయి. థర్మామీటర్ లేకపోతే ఫోర్కుతో తిప్పితే రేకులుగా విడిపోవాలి, లోపల పచ్చి మెరుపు పోయి మసకబారినట్టు కనిపించాలి. పాలకూర రికోటా న్యోకీకి బాగా కుదిరేది చేపే, ముఖ్యంగా సాల్మన్, ఎందుకంటే సాస్ పల్చగా ఉండక్కర్లేదు, నిమ్మ వెన్న సరిపోతుంది.

చీజ్ సంగతి కూడా చెప్పాలి. ఇటలీలో మామూలుగా సీఫుడ్ మీద చీజ్ తురమరు, కొందరికి అది నేరంతో సమానం. నేనంత పట్టుదలకి పోను, కానీ ఆల్చిప్పల రసంలో పార్మెజాన్ వేస్తే ఉప్పు మీద ఉప్పు అవుతుందే తప్ప ఒరిగేదేం లేదు. పాలకూర న్యోకీ లోపల ఎలాగూ చీజ్ ఉంది, పైన మళ్లీ వద్దు. కరకరలాడేది ఏదైనా కావాలంటే రొట్టె పొడిని ఆలివ్ నూనెలో వేయించి చల్లండి.

మరి మీకేది?

ఎప్పుడూ చెయ్యలేదు, ఈ ఆదివారం చెయ్యాలనుంది అంటే బంగాళదుంప న్యోకీ, పొట్టుతో తెచ్చిన రొయ్యలు. మనిషికి 150 నుంచి 200 గ్రాముల న్యోకీ, ఒలిచాక 100 గ్రాముల పైచిలుకు రొయ్యలు లెక్కేసుకోండి.

దుంప చేతికి అలవాటైంది, ఇంట్లో పిల్లలకి రంగు కనిపిస్తే తింటారు అంటే బఠాణీ కలిపినది, రొయ్యలతోనో పీతతోనో.

టైమ్ లేదు కానీ ఇంట్లో చేసినదే కావాలి అంటే పాలకూర రికోటా, పైన కాల్చిన చేప. అసలు టైమే లేదంటే ప్యాకెట్ న్యోకీ కొనుక్కోండి, తప్పేం లేదు, నీళ్లలో ఉడికించకుండా నేరుగా పెనం మీద వెన్నలో వేయించండి, ఆ ప్యాకెట్ జిగురు చాలావరకు పోతుంది. మీ శ్రమంతా రొయ్యల పొట్టు రసం మీద పెట్టండి. చేత్తో చేసిన న్యోకీ, ఒలిచి ప్యాక్ చేసిన రొయ్యలు ఒకవైపు, ప్యాకెట్ న్యోకీ, చేత్తో కాచిన రసం ఒకవైపు పెడితే నేను రెండోదే తింటాను.

గుమ్మడి, చిలగడదుంప ఎంచుకుంటే పులుపు, కారం రెండూ ఉండాల్సిందే, క్రీమ్ జోలికి మాత్రం వద్దు. క్రీమ్, గుమ్మడి, రొయ్యలు మూడూ కలిస్తే భోజనం కాస్తా మిఠాయి అవుతుంది. వెల్లుల్లి, ఎండుమిరప తునకలు, నిమ్మరసం, పైన పార్స్లీ ఆకు, అంతే.

మైదా పడనివాళ్లకి బంగాళదుంప ఒక్కటే దారి, బియ్యప్పిండి, కాస్త కార్న్ ఫ్లోర్ కలిపి చెయ్యొచ్చు. గ్లూటెన్ సాగుడు ఉండదు కాబట్టి సులువుగా విరుగుతుంది, ముక్కలు చిన్నవి కోసి జాగ్రత్తగా తీయండి. నీళ్లెక్కువ ఉన్న కూరగాయలతో ఈ ప్రయోగం చెయ్యకండి.

ఎవరినైనా పిలుస్తుంటే ఎలర్జీ సంగతి ముందే అడగండి. ఈ ఒక్క గిన్నెలో గోధుమ, గుడ్డు, పాలు, రొయ్యలు, ఆల్చిప్పలు అన్నీ చేరతాయి. రొయ్యల ఎలర్జీకి ప్రధాన కారణమైన ప్రోటీన్ ఎంత ఉడికించినా పోదు. రొయ్యలు విడిగా పెట్టి ఉత్త సాస్ వడ్డిస్తే సరిపోతుందిలే అనుకోవడానికి లేదు, రసం పొట్టుతో కాచిందే కదా.

వరస తప్పితే అంతా తప్పుతుంది

న్యోకీ ఆగదు, రొయ్యలు ఆగవు, ఆగేది సాస్ ఒక్కటే. కాబట్టి సాస్ ముందు చేసి పక్కన పెట్టుకోండి. నీళ్లు మరుగుతుండగా పెనం మీద రొయ్యలో స్కాలప్సో కాల్చి ప్లేట్లోకి తీసేయండి. అదే పెనంలో సాస్ పోసి, ఉడికిన న్యోకీని చిల్లుల గరిటతో నేరుగా అందులోకి వేసి, ఆ ఉడికిన నీళ్లే ఒక గరిటెడు పోసి, ఒక చెంచా చల్లటి వెన్న వేసి పెనాన్ని పట్టుకుని తిప్పండి. గరిటతో కలిపితే న్యోకీ చితుకుతుంది. ఆ నీళ్లలోని పిండి, వెన్న కలిసి సాస్ చిక్కబడి న్యోకీకి పట్టుకుంటుంది. మంట ఆపేశాకే రొయ్యలు, నిమ్మరసం. వడ్డించేటప్పటికి సాస్ కాస్త పల్చగా ఉందే అనిపించాలి, బల్ల మీదకి చేరేసరికి న్యోకీ తాగేసి సరిగ్గా వస్తుంది.

ముందే చేసి పెట్టుకోవాలంటే పచ్చి న్యోకీని ఫ్రిజ్‌లో దాచకండి, రెండు మూడు గంటల్లో నీరు కారి ఒకదానికొకటి అతుక్కుని, బూడిద రంగుకి తిరుగుతాయి. పిండి చల్లిన ట్రేలో విడివిడిగా పేర్చి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, గట్టిపడ్డాక కవర్లోకి ఎత్తండి. కరగనివ్వకుండా అలాగే మరిగే నీళ్లలో వెయ్యాలి, ఒక్కోసారికి కొన్నే, లేకపోతే నీళ్లు చల్లబడి అన్నీ అడుగున ముద్దవుతాయి. నేను ఎక్కువగా చేసి దాచేది బఠాణీ కలిపిన బంగాళదుంపవే. పాలకూరవి గడ్డకట్టించి చూశాను, కరిగేటప్పుడు నీళ్లు వదిలి సగం గిన్నెలోనే విచ్చిపోయాయి.